కొలంబో పెద్దాయన, మన అల్మారా

(చెన్నైలో తెలుగు పాఠకులు కలుసుకున్న ఒక సాయంత్రం చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఈ ఉక్కపోతలో ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం.

సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్ అనగానే మనవాళ్లలో చాలామందికి '2001' అనే సినిమా గుర్తొస్తుంది. ఇంకొంచెం చదివినవాళ్లకి 'రామ' నవల గుర్తొస్తుంది. అక్కడితో ఆగిపోతాం. ఆయన రాసినవి వరసగా, మొదటి నుంచి చివరిదాకా, దొరికితే పాత ముద్రణల్లో చదవండి అని అడగడానికే ఈరోజు వచ్చాను. అలా చదివితేనే కనబడేవి కొన్ని ఉన్నాయి. అవేమిటో చెబుతాను.

ఆయన మనకి దూరపు మనిషి కూడా కాదు. పుట్టింది 1917 డిసెంబరు 16న ఇంగ్లండులో, మైన్‌హెడ్ అనే సముద్రతీరపు ఊళ్లో. కానీ 1956 నుంచి 2008 మార్చి 19న కన్నుమూసేదాకా ఆయన ఉన్నది శ్రీలంకలోనే, ఎక్కువకాలం కొలంబోలో. మీనంబాకంలో విమానం ఎక్కితే గంటన్నరలో దిగిపోతాం. మొరటువ విశ్వవిద్యాలయానికి ఆయన ఛాన్సలర్‌గా పనిచేశారు. చివరి ఏళ్లలో పోలియో తాలూకు బలహీనతతో చక్రాల కుర్చీకే పరిమితమైనా, రాయడం మానలేదు.

నేను టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరయినవాణ్ణి. అందుకని క్లార్క్ దగ్గరికి నేను కథల దారిలో రాలేదు, ఒక వ్యాసం దారిలో వచ్చాను. 1945 అక్టోబరులో 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో వచ్చిన వ్యాసం అది. పేరు 'ఎక్స్‌ట్రా టెరెస్ట్రియల్ రిలేస్'. నాలుగే నాలుగు పేజీలు. అప్పటికి ఆయన వయసు 27. బ్రిటిష్ వైమానిక దళంలో, పొగమంచులో విమానాల్ని రాడార్ సాయంతో కిందికి దించే విభాగంలో పనిచేస్తున్నారు. కాలేజీ చదువు ఇంకా మొదలుపెట్టలేదు.

ఆ నాలుగు పేజీల్లో ఏముంది? భూమధ్యరేఖకి సరిగ్గా పైన, సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఒక వస్తువుని తిప్పితే, అది ఒక చుట్టు తిరిగే లోపు భూమి కూడా ఒక చుట్టు తిరుగుతుంది. కింద నుంచి చూసేవాడికి అది ఆకాశంలో ఒకేచోట నిలబడ్డట్టు ఉంటుంది. అలాంటివి మూడు, సమాన దూరాల్లో పెడితే భూగోళం దాదాపు మొత్తానికి రేడియో, టీవీ అందుతాయి. ఆ కక్ష్య గురించి అంతకుముందే, 1920ల చివర్లో, పొటోచ్నిక్ అనే ఇంజనీరు రాశారు. కానీ దాన్ని ప్రపంచమంతటికీ ప్రసారాలు అందించే ఏర్పాటుగా, ఎంత పవర్ కావాలో లెక్క కట్టి మరీ చూపించింది క్లార్కే.

ఆ వ్యాసంలో నాకు బాగా ఇష్టమైన సంగతి ఇంకొకటి ఉంది. ఆ మూడు స్టేషన్లలో మనుషులు కాపురం ఉంటారని ఆయన అనుకున్నారు! ఎందుకంటే అప్పటికి ట్రాన్సిస్టర్ లేదు. అది వచ్చింది 1947 చివర్లో. రేడియోలన్నీ వాల్వులతోనే, అంటే బల్బుల్లాంటి గాజు గొట్టాలతోనే నడిచేవి, వాల్వులు తరచూ మాడిపోయేవి. మరి 36 వేల కిలోమీటర్ల ఎత్తున వాల్వు మాడిపోతే మార్చేదెవరు? అక్కడే ఉండే మెకానిక్కు. ఎక్స్ఛేంజీలో రాత్రి డ్యూటీలు చేసిన నాబోటివాడికి ఆ వాక్యాల దగ్గర గుండె ఆగినంత పనవుతుంది. అంత పెద్ద ఊహలో కూడా ఆయన రిపేరు చేసేవాణ్ణి మరిచిపోలేదు.

ఆ వ్యాసానికి ఆయనకి ముట్టింది 15 పౌండ్లు. పేటెంటు తీసుకోలేదు. ఖాళీ సమయంలో వంద కోట్ల డాలర్లు ఎలా పోగొట్టుకున్నానో చూడండి అంటూ తర్వాత తనే ఒక వ్యాసం రాశారు. అది 1965లో వచ్చిన 'వాయిసెస్ ఫ్రం ది స్కై' సంపుటిలో ఉంది. అదే ఏడాది ఏప్రిల్‌లో 'ఎర్లీ బర్డ్' అనే ప్రసార ఉపగ్రహం ఆయన చెప్పిన కక్ష్యలోనే అట్లాంటిక్ మీదికి చేరింది. వ్యాసం రాసి అప్పటికి 20 ఏళ్లు కూడా నిండలేదు.

ఇక మనవాళ్ల సంగతికి వద్దాం. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ఇస్రో నడిపిన 'సైట్' ప్రయోగం ఇక్కడ పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. నాసా దగ్గర ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని ఏడాదికి తీసుకుని, ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకి నేరుగా టీవీ చూపించారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పల్లె బడి మీదో, పంచాయతీ ఆఫీసు మీదో మూడు మీటర్ల గొడుగు ఉండేది. దాన్ని కోళ్లగూళ్లకి వాడే తీగవలతో చేశారు. కింద టీవీ పెట్టె, మన హైదరాబాదు ఈసీఐఎల్‌లో తయారైంది. పొద్దున పిల్లలకి, సాయంత్రం ఊరందరికీ ప్రోగ్రాములు. తెలుగులోనూ వచ్చాయి. కరెంటే సరిగ్గా లేని ఊళ్లలో సెట్లు బ్యాటరీ మీద నడిపారు.

ఆ ప్రయోగం జరుగుతుండగా ఇస్రో ఇంజనీర్లు కొలంబో వెళ్లి క్లార్క్ ఇంటి మీద కూడా ఒక డిష్ బిగించి వచ్చారు. 1945లో ఆయన కాగితం మీద గీసిన కక్ష్య నుంచి వచ్చే సిగ్నలు ఒకే సమయంలో మన పల్లెలోనూ పడింది, ఆయన డాబా మీదా పడింది. పొలంలో ఎరువు ఎంత వేయాలో చెప్పే తెలుగు కార్యక్రమానికీ ఆ నాలుగు పేజీల వ్యాసానికీ మధ్య సరిగ్గా 30 ఏళ్లు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇప్పుడు అదే కక్ష్యని పట్టుకుని అల్మారాలో ముందుకి నడుద్దాం. 1979లో 'ది ఫౌంటెన్స్ ఆఫ్ పారడైజ్' వచ్చింది. సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో, నెబ్యులా రెండు బహుమతులూ అందుకున్న నవల. వానెవార్ మోర్గాన్ అనే ఇంజనీరు ఆ 36 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి నేలకి తీగలు దించి లిఫ్టు కట్టాలనుకుంటాడు. రాకెట్లు అక్కర్లేకుండా అంతరిక్షానికి వెళ్లొచ్చు. ఉపగ్రహాన్ని నిలబెట్టిన చోటి నుంచే తాడు కిందికి వేలాడదీయడమన్నమాట. ఆ తాడు కింది కొస భూమధ్యరేఖ మీద ఉండాలి, ఎత్తైన కొండ మీద ఉంటే ఇంకా మంచిది. క్లార్క్‌కి తన శ్రీలంకలోనే శ్రీపాద శిఖరం ఉంది, కానీ ఆ దీవి భూమధ్యరేఖ మీద లేదు. అందుకని ఏం చేశారంటే, నవలలో దీవికి తాప్రోబేన్ అని పాత పేరు పెట్టి, దాన్ని 800 కిలోమీటర్లు దక్షిణానికి జరిపేశారు. ఆ సంగతి పుస్తకం చివర్లో తనే చెప్పేశారు.

ఈ నవలలో సగం అంతరిక్షం, సగం చరిత్ర. ఆ చరిత్రలో మనమూ ఉన్నాం. అయిదో శతాబ్దంలో శ్రీలంకలో కశ్యపుడు తండ్రి ధాతుసేనుణ్ణి చంపించి సింహాసనం ఎక్కాడు. తమ్ముడు మొగ్గల్లానుడు పారిపోయి మన దక్షిణ భారతానికి వచ్చి తలదాచుకున్నాడు. అతను సైన్యంతో తిరిగొస్తాడన్న భయంతో కశ్యపుడు సిగిరియా బండ మీద కోట కట్టుకున్నాడు. బండ కింద తోటల్లో నీటి పోటుతోనే చిమ్మే ఫౌంటెన్లు పెట్టించాడు. అవి ఈనాటికీ వానాకాలంలో పనిచేస్తాయి. చివరికి తమ్ముడు సైన్యంతో రానే వచ్చాడు. నవలలో క్లార్క్ ఆ రాజుకి కాళిదాసు అని, ఆ బండకి యక్కగల అని పేర్లు మార్చారు. ఆకాశాన్ని అందుకోవాలని బండ ఎక్కిన రాజునీ, అదే కోరికతో లిఫ్టు కట్టే ఇంజనీరునీ పక్కపక్కన నడిపించారు. ఆయన రాసినవాటిలో నేను మళ్లీ మళ్లీ తీసేది ఇదే. చివరి పేజీలు వదిలేయకండి. ఈ తాడు ఆలోచన 1960లోనే ఆర్ట్సుతానోవ్ అనే రష్యన్ ఇంజనీరు రాశాడని అక్కడ పేరు పెట్టి మరీ చెప్పారు.

1997లో, తన 80వ ఏట, '3001' రాసినప్పుడు ఆయన ఆ ఒక్క తాడుని నాలుగు బురుజులు చేసి, వాటి కొసలన్నీ కలుపుతూ భూమి చుట్టూ ఒక వలయం కట్టారు. ఆ వలయంలో ఊళ్లకి ఊళ్లే ఉంటాయి. నవలగా అది నాకు అంతగా నచ్చలేదు. కానీ 1945 వ్యాసం చేత్తో పట్టుకుని ఆ పుస్తకం తెరిస్తే, ఒక కుర్రాడు గీసిన గీతని ఒక ముసలాయన యాభై ఏళ్ల తర్వాత ఇంకా పొడిగిస్తూ కూర్చున్నాడని తెలుస్తుంది. ఒక్క పుస్తకం చదివినవాడికి ఇది దొరకదు.

మరి పాత ముద్రణలు ఎందుకు, కొత్తగా అచ్చేసినవి చాలవా అంటారా? క్లార్క్ విషయంలో చాలవు. సైన్సు మారినప్పుడల్లా ఆయన పుస్తకాల్ని ముట్టుకున్నారు. కొన్నిసార్లు కథ మార్చారు, కొన్నిసార్లు కథని వదిలేసి ముందుమాటలో ఒప్పుకున్నారు.

'చైల్డ్‌హుడ్స్ ఎండ్' తీసుకోండి. 1953లో బాలంటైన్ వాళ్లు గట్టి అట్టతోనూ పేపర్‌బ్యాక్‌గానూ ఒకేసారి వేశారు. అందులో కథ ఎలా మొదలవుతుంది? అమెరికా, రష్యా చంద్రుడి కోసం పోటీ పడుతుంటాయి. ఒకప్పుడు కలిసి పనిచేసిన ఇద్దరు జర్మన్ ఇంజనీర్లు ఇప్పుడు చెరో పక్క ఉంటారు. సరిగ్గా రాకెట్లు ఎగరబోయే ముందు ఆకాశం నిండా పరాయి ఓడలు. 1990లో క్లార్క్ ఆ మొదటి అధ్యాయాన్ని తిరగరాశారు. చంద్రుడి బదులు అంగారక యాత్ర, కాలం 21వ శతాబ్దం. మీకు దొరికే ప్రతిలో ఏది ఉందో తెరిచి చూస్తే తప్ప తెలియదు. నా మటుకు నాకు పాతదే గొప్పది. మనిషి ఇంకా చంద్రుడి మీద కాలు పెట్టని రోజుల్లో రాసిన ఆ తొందర, ఆ భయం కొత్తదాంట్లో లేవు. అదే పుస్తకం మొదట్లో, ఇందులోని అభిప్రాయాలు రచయితవి కావు అని ఒక వాక్యం ఉంటుంది. ఎందుకు రాశారో నవల పూర్తిచేశాక మీకే తెలుస్తుంది, నేను చెప్పను.

1951 నాటి 'ది సాండ్స్ ఆఫ్ మార్స్' ఇంకో రకం. అంగారకుడి మీద కొండలు లేవని అందులో ఢంకా బజాయించి మరీ రాశారు. ఆనాటి టెలిస్కోపులు చెప్పింది అదే. 1970ల మొదట్లో మారినర్-9 అనే వ్యోమనౌక వెళ్లి చూస్తే, ఎవరెస్టుకి రెండింతలకి మించిన ఒలింపస్ పర్వతం కనబడింది. ఆయన ఆ వాక్యం తీసేయలేదు. తర్వాతి ముద్రణ ముందుమాటలో దాన్ని తనే ఎత్తి చూపారు.

'ఎ ఫాల్ ఆఫ్ మూన్‌డస్ట్' 1961లో వచ్చింది. చంద్రుడి మీద లోతైన ధూళి సముద్రం ఉంటుంది. దాని మీద యాత్రికుల్ని తిప్పే పడవ మునిగిపోతుంది. పైకి ఒక్క గుర్తు కూడా మిగలదు. లాసన్ అనే ఖగోళ శాస్త్రవేత్త వేడిని పసిగట్టే ఇన్‌ఫ్రారెడ్‌తో వెతుకుతాడు. పడవ నడిచిన దారిలో వెచ్చటి ధూళి పైకి తేలి ఉంటుందనీ, ఆ వెచ్చదనం సన్నటి చారలాగా కనిపిస్తుందనీ అతని లెక్క. లోపల ఇంకో చిక్కు ఉంది. ధూళి వేడిని బయటికి పోనివ్వదు, మనుషుల ఒంటి వేడికే పడవ పొయ్యిలా కాగుతుంది. ఇందులో రాక్షసులు లేరు, తుపాకులు లేవు. ఉన్నదంతా వేడి, గాలి, టైము, వాటితో కుస్తీ పట్టే మనుషులు. రీడర్స్ డైజెస్ట్ వాళ్లు తమ కుదించిన పుస్తకాల వరసలో వేసిన మొదటి సైన్స్ ఫిక్షన్ నవల ఇదే. 1966లో లూనా-9 అనే వ్యోమనౌక చంద్రుడి మీద దిగినప్పుడు మునిగిపోలేదు, అంటే అలాంటి ధూళి సముద్రాలు లేవని తేలిపోయింది. అయినా ఆ నవల ఉత్కంఠ ఇసుమంతైనా తగ్గలేదు.

ఇక '2001'. సినిమాలో ఓడ గురుగ్రహానికి వెళుతుంది, నవలలో శనిగ్రహానికి. శని వలయాల్ని నమ్మేలా తెర మీద చూపించడం అప్పట్లో కుదరలేదు. 1982లో '2010' రాసేటప్పుడు క్లార్క్ తన నవలని పక్కనబెట్టి సినిమా కథనే అందుకున్నారు. మధ్యలో వాయేజర్ వ్యోమనౌకలు పంపిన ఫోటోలు వచ్చి, గురుగ్రహపు చందమామలు కొత్తగా కనిపించాయి మరి. చెన్నైలో ఉన్నాం కాబట్టి ఇంకో ముక్క చెప్పాలి. '2001'లో ఓడని నడిపే హాల్ అనే కంప్యూటరుని తయారుచేసిన డాక్టర్ చంద్ర పూర్తి పేరు '2010' నవలలో శివసుబ్రమణియన్ చంద్రశేగరంపిళ్లై. '2010'ని సినిమాగా తీసినవాళ్లు ఆ పాత్రని భారతీయుడిగా ఉంచలేదు. పుస్తకంలో మాత్రం తన కంప్యూటరుతో బిడ్డతో మాట్లాడినట్టు మాట్లాడే ఆ మనిషి మనవాడే.

'రామ' గురించి రెండు మాటలు. గ్రీకు, రోమన్ దేవుళ్ల పేర్లన్నీ అయిపోయి, ఖగోళ శాస్త్రవేత్తలు హిందూ పేర్ల మీద పడ్డారని, అలా బయటి నుంచి మన సూర్యుడి వైపు వచ్చిన ఒక పరాయి ఓడకి రాముడి పేరు వచ్చిందని 1973 నవలలో రాశారు. ఉల్కల మీద నిఘా పెట్టే 'స్పేస్‌గార్డ్' అనే ఏర్పాటు కూడా ఆ నవల మొదటి పేజీల్లోదే. 1992లో నాసా నివేదిక ఒకటి ఆ పేరే తీసుకుంది.

సరే, ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి? ఒకప్పుడయితే సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ అనేవాళ్లం. 1985లో అది తగలబడిపోయింది. తర్వాత ఆ కొట్లు లిల్లీ పాండ్ కాంప్లెక్సుకి వెళ్లాయి. ట్రిప్లికేన్‌లో పైక్రాఫ్ట్స్ రోడ్డు, అంటే ఇప్పటి భారతి శాలై ప్లాట్‌ఫారం, మైలాపూరులో లజ్ కార్నర్, ఇవన్నీ పాత పుస్తకాలవాళ్లకి తెలిసిన చోట్లే. మనకి ఎక్కువగా దొరికేది బ్రిటిష్ పేపర్‌బ్యాకులు. 'రామ', 'ఫౌంటెన్స్' పాన్ వాళ్లవి, '2001' ఆరో వాళ్లది, 'ది సిటీ అండ్ ది స్టార్స్' కోర్గీ వాళ్లది. గట్టి అట్ట ప్రతి దొరికితే టైటిల్ పేజీ వెనక చూడండి. మొదట ఎప్పుడు, ఎవరు వేశారు, ఇది ఎన్నో ముద్రణ అన్నది అక్కడే ఉంటుంది. అంకెల వరస ఉంటే అందులో అన్నిటికంటే చిన్న అంకె ముద్రణ నంబరు. అమెరికన్ ప్రతి పైకవరు లోపలి మడత మీద ధర లేకపోతే అది బహుశా బుక్ క్లబ్ ప్రతి. మంచి డబ్బు పెట్టి కొనాల్సినది కాదు, చదువుకోవడానికి మాత్రం బ్రహ్మాండంగా పనికొస్తుంది. మొదటి ముద్రణ కోసం అప్పులపాలవడాన్ని నేను ఒప్పుకోను. ముందుమాట మారిన ప్రతి ప్లాట్‌ఫారం మీద దొరికినా నాకు అదే విలువైనది.

కొన్నాక కాపాడుకోవడం ఇంకో ఎత్తు. ఈ ఊరి వేడికి పేపర్‌బ్యాకు జిగురు ఎండి పెళుసెక్కుతుంది, తేమకి కాగితం మీద గోధుమరంగు మచ్చలు వస్తాయి, వెండిరంగు పురుగు అట్ట కొరుకుతుంది. అల్మారాని గోడకి ఆనించకండి, బెత్తెడు ఖాళీ వదలండి. పుస్తకాలు కిక్కిరిసి పెట్టకండి. కింది అర నేలకి జానెడు పైన ఉండాలి. 2015 డిసెంబరు వరద చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెడితే వంకర్లు పోతుంది. పేజీల మధ్య తెల్లటి టిష్యూ కాగితాలు పెట్టి, ఫ్యాను గాలికి నిలబెట్టి, కాగితాలు మారుస్తూ ఆరబెట్టాలి. ఎక్కువ తడిసి, అన్నీ ఒకేసారి చూసుకోలేకపోతే కవర్లో చుట్టి డీప్ ఫ్రీజర్లో పెట్టండి. బూజు ఆగుతుంది, తర్వాత తీరిగ్గా ఒక్కొక్కటీ ఆరబెట్టుకోవచ్చు.

క్లార్క్ కూడా మనలాంటి సేకరణ మనిషే. స్కూలు రోజుల్లో వూల్‌వర్త్ కొట్లో అమెరికా నుంచి వచ్చిన పాత పత్రికలు మూడు పెన్నీలకి అమ్మేవాళ్లు. మధ్యాహ్నం బడి వదలగానే అక్కడికి పరుగెత్తి వాటిలో వెతికేవారు. ఆ పత్రికల గురించి 1989లో 'అస్టౌండింగ్ డేస్' అని ఏకంగా ఒక పుస్తకమే రాశారు. ఆయన కాగితాల్ని ఇంగ్లండులో తమ్ముడు ఫ్రెడ్ ఏళ్ల తరబడి భద్రపరిచారు. వాటికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు 'క్లార్కైవ్స్'. ఇప్పుడు క్లార్క్ కాగితాలు అమెరికాలో స్మిత్‌సోనియన్ వారి విమాన, అంతరిక్ష మ్యూజియంలో ఉన్నాయి.

అన్నీ గొప్పవేనా అంటే, కాదు. 1989 నుంచి జెంట్రీ లీతో కలిసి వచ్చిన 'రామ' కొనసాగింపులు నాకు రుచించలేదు. మొదటి నవలలో ఆ ఓడ ఎవరిదో చెప్పకుండా వదిలేయడమే దాని అందం. కొనసాగింపులు ఆ మౌనాన్ని చెరిపేశాయి. మనుషుల లోపలి గొడవలు రాయడంలో కూడా ఆయన బలం తక్కువ. ఆడవాళ్ల పాత్రలు మొదటి పుస్తకాల్లో నామమాత్రం. ఇది దాచాల్సిన పనిలేదు. వాటికోసం మనకి వేరే రచయితలున్నారు. నక్షత్రాల ముందు మనిషి నిలబడ్డప్పుడు కలిగే ఆశ్చర్యం ఈయనంత బాగా రాసినవాళ్లు నాకు కనబడలేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నవల పట్టుకోకండి. 'ది నైన్ బిలియన్ నేమ్స్ ఆఫ్ గాడ్', 'ది స్టార్' అని రెండు చిన్న కథలు చదవండి, ఒక గంట పని. ఆ తర్వాత 'మూన్‌డస్ట్', తర్వాత 'ఫౌంటెన్స్'. పుస్తకాలు ఆ బల్ల మీద పెట్టాను, తిరగేసి చూడండి. 'చైల్డ్‌హుడ్స్ ఎండ్' రెండు రకాల ప్రతులూ పక్కపక్కనే ఉన్నాయి, మొదటి అధ్యాయాలు పోల్చి చూసుకోవచ్చు.

మీ దగ్గర నాకు రెండు అర్జీలు. ఇంట్లో తాతగారి కాలం నాటి రీడర్స్ డైజెస్ట్ కుదించిన సంపుటాలుంటే పాత పేపర్లవాడికి వేసేముందు విషయసూచిక ఒకసారి చూడండి, 'మూన్‌డస్ట్' కనబడితే నాకు ఫోన్ చేయండి. రెండోది, 1975-76లో మీ ఊళ్లో ఆ తీగవల గొడుగు కింద కూర్చుని టీవీ చూసినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే దయచేసి చెయ్యెత్తండి. ఆ టీవీ ఎక్కడ పెట్టేవారు, ఎవరు ఆన్ చేసేవారు, ఏం చూపించారు, గుర్తున్నంతవరకు రాసివ్వండి. ఆ కాగితాల్ని 1945 వ్యాసం కాపీతో పాటు ఒకే ఫైల్లో పెడదామని ఉంది. అదిగో, వెనక వరసలో ఒక అమ్మగారు చెయ్యెత్తారు. అమ్మా, మీరు ముందుకి రండి, మైకు ఇస్తాను.